చిమ్నీ పొగ చూసి చెప్పిన గాలి

ఫిబ్రవరి 20, 1983. ఆదివారం

మళ్లీ నీలం చుక్కలు. ఈసారి పక్కింటి నారాయణమ్మ ఆరేసిన తెల్ల దుప్పటి మీద. కంచె దగ్గరికి పట్టుకొచ్చి మరీ చూపించింది. "ఏటి ఒదినా, మీ ద్రాచ్చ పందిరికి మందు కొడితే మా దుప్పటికి పూలు పూత్తన్నాయి!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కాబట్టి మరక కనబడింది. కనబడని మందైతే ఎలా తెలుస్తుంది?

ఆయనతో అన్నాను. "బట్టల మీద పడితే ఉతుక్కుంటారు" అన్నారు. ఈయనకి లోకంలో ప్రతిదీ ఉతికితే పోయేదే.

ఫిబ్రవరి 24

చిగుళ్లు బాగా వస్తున్నాయి. అర ఎకరం పందిరి. బిర్సానగర్ చివర, మా ఇంటిని ఆనుకునే, నది వైపు వాలులో, కౌలు నేల. ఈ ఉక్కు కార్ఖానా ఊళ్లో ద్రాక్ష కాస్తుందా అని నవ్వినవాళ్లంతా పోయినేడు సాక్చి బజారులో మా గంప చుట్టూనే మూగారు. ఈసారి ఇంకా భయంగా ఉంది. ఏమీ లేనప్పుడు పోయేదేమీ ఉండదు. ఇప్పుడు ఉంది.

మార్చి 2

మందు కొట్టే చేతి పంపు మళ్లీ కారుతోంది. తోలు వాషరు అరిగిపోయింది. ఒకరు కొడుతుంటే ఒకరు గొట్టం పట్టుకుని పందిరి మొత్తం తిరగడానికి రెండు రోజులు. ఆయనకి కార్ఖానాలో షిఫ్టు, నాకు నడుము నొప్పి. ఆయన పంపుని ఓ తన్ను తన్ని — "తుక్కులోకి పోవాల ఇది."

నిజంగానే పోయింది. సాయంత్రానికి తుక్కువాడి సైకిల్ మీద. నన్నొక్క మాట అడగలేదు.

మార్చి 6. ఆదివారం

పంపు అమ్మేయడం వెనక సంగతి ఈవేళ తెలిసింది. బిర్సానగర్‌లోనే మిశ్రాజీ అనే ఆయన దగ్గర మందు కొట్టే ఇంజను స్ప్రేయరు ఉందట. గంటల లెక్కన అద్దె. రెండు రోజుల పని రెండున్నర గంటల్లో. కొనడం కంటే, పాతదాన్ని బాగుచేయించడం కంటే అద్దే నయం అంటారు. కాగితం మీద లెక్క కట్టి చూపించారు. లెక్కలో తప్పులేదు.

కాకపోతే మిషను మనకి ఆదివారం పొద్దున్న మాత్రమే. తొమ్మిది కొట్టేసరికి అప్పగించాలి. తర్వాత అది మరొకరి కూరగాయల మడికి పోతుంది. గాలి ఎలా ఉన్నా, మబ్బు ఎలా ఉన్నా, మన వంతు అంటే మన వంతే. ఆ మాటంటే ఆయన — "నీకు పెళ్లిలో కూడా వానొత్తాదేమో అని భయమే గదే."

వచ్చింది కూడా. ఆ సంగతి మాత్రం ఎత్తరు.

మార్చి 16

ఈయన కంప్రెసర్ల ఫిట్టరు. ఇరవై రెండేళ్లుగా గాలిని నొక్కిపెట్టడమే పని. అందుకే దేనికైనా ఒకటే మందు — ప్రెషర్ పెంచడం. భాలుబాసాలో స్నేహితుడి లేతు మీద మందు గొట్టం మూతికి బిగించే నాజిల్ బిళ్లలు కొత్తవి చేయించుకొచ్చారు. మధ్యలో చిల్లు సూదిమొనంత. అద్దె గంటలే కాదు, మందు కూడా సగం మిగులుతుందట. "సిన్న సిల్లు, పెద్ద ప్రెషరు. మందు పొగ లాగ లేచి ఆకు ఆకుకీ అంటుకుంటాది. సూడు."

నల్లా దగ్గర పెట్టి చూపించారు. నిజమే, చినుకన్నది లేదు. వట్టి పొగ. ముఖాన పడితే తడి కూడా తెలియలేదు. మా సరోజ చప్పట్లు కొట్టి "వాహ్ పాపా!" అంది. కాలేజీలో చదివే పిల్ల. ఈ ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే ఏకైక ప్రాణి.

నాకెందుకో నచ్చలేదు. పొగ చెప్పిన చోట ఆగుతుందా?

మార్చి 27. ఆదివారం

మొదటిసారి మిషనుతో. ఇంజను చప్పుడుకి గుండెలదిరాయి. ఆయన గొట్టం పట్టుకున్నారు, ముక్కుకి తువ్వాలు. నా పని — గట్టు మీద నిలబడి గాలి చెప్పడం.

ఈ ఊళ్లో గాలి ఎటు అని ఎవరూ ఆకుని చూడరు. కార్ఖానా చిమ్నీ పొగ చూస్తారు. బట్టలారేసే ఆడవాళ్లు, గాలిపటాలెగరేసే పిల్లలు, అందరూ. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నేర్పిన మొదటి విద్య అది. పొగ మన వైపు వంగితే బట్టలు తీసేయి. అటు వంగితే ఆరేసుకో.

పొగ అటు వంగి ఉంది. "అటే పోతోంది, కొట్టండి" అన్నాను. ఎనిమిదింబావుకి అయిపోయింది. తువ్వాలు తీసి ఆయన నవ్విన నవ్వు చూసి నాకూ ధైర్యం వచ్చింది. నారాయణమ్మ ఇంట్లో దుప్పట్ల మీద ఒక్క చుక్క లేదు.

ఏప్రిల్ 3

గుత్తుల్లో పిండినల్లి. తెల్లగా, దూది అంటించినట్టు. వదిలేస్తే పంట మొత్తం జిగురు. ఆయన సాక్చి వెళ్లి పెద్ద మందు తెచ్చారు. రేకు డబ్బా. డబ్బా మీద పుర్రె, ఎముకలు. వంటింట్లో పెట్టనివ్వలేదు నేను. స్నానాల గది అటక మీద పెట్టించి, కింద ముగ్గు వేసి గీత గీశాను. సరోజ నవ్వింది.

ఈ మందుకి రంగు లేదు. మరక కాదు.

ఏప్రిల్ 7

నారాయణమ్మ కోడలు పద్మకి ఎనిమిదో నెల. కొడుకు రూర్కెలా డ్యూటీలో. పిల్ల రోజంతా కంచె పక్క వేపచెట్టు నీడన కూర్చుని నాతో కబుర్లు. "పిన్నీ, మీ ద్రాచ్చలు పండేసరికి నాను బాలింతని అయిపోతాను. నాకు పెట్టరు గావాల." పుల్లద్రాక్ష రెండు తుంపి ఇమ్మంది. మందు పట్టిన పందిరి, ఇవ్వనన్నాను. మూతి ముడిచింది.

ఇవ్వకపోవడం ఎంత మంచిపనో నాకు తెలుసు. అంతవరకైనా తెలుసు.

ఏప్రిల్ 10. ఆదివారం

కొట్టేశాం.

తెల్లారేసరికి ఆకు కదలడం లేదు. చల్లగా, నిలిచిపోయినట్టు గాలి. ఇంతకంటే మంచిరోజు దొరకదన్నారు ఆయన. గట్టు మీద నుంచి చూశాను — చిమ్నీ పొగ నిట్టనిలువుగా లేచి, పైకెక్కాక అటు వంగింది. "అటే. కొట్టండి." ఆరింటికి మొదలు. మందు పొగ పందిరి కింద నిలబడింది, చాలాసేపు. పైకి పోలేదు, పక్కకీ పోయినట్టు కనబడలేదు. ఎండ వచ్చేసరికి లేదు. ఎటు పోయిందో చూడలేదు నేను. మిషను కడిగే తొందర, తొమ్మిదికి మిశ్రాజీ మనిషి.

నారాయణమ్మ పొద్దున్నే మాగాయకి మామిడి ముక్కలు ఆరబెట్టుకుంటోంది కంచె అవతల. మంచాల మీద, చాపల మీద, పసుపుగా. పలకరించింది. "ఈ ఇంజనేటి ఒదినా, రైలొచ్చినట్టుంది."

ఏప్రిల్ 11

పద్మకి వాంతులు. ఒళ్లంతా చెమట, నోట్లో నీరూరుతోందట ఆగకుండా. నారాయణమ్మ అంది — "నెలలు నిండతన్నాయి, మామూలే."

మామూలేనేమో. మామూలే అయ్యుండాలి.

ఏప్రిల్ 12

వెళ్లి చూశాను. పిల్ల గోడకి ఆనుకుని ఉంది. చూపు మసకగా ఉందంటోంది. కళ్లలోకి చూశాను — కంటిపాపలు ఆవగింజంత. మిట్టమధ్యాహ్నం కాదు, ఎండలోనూ లేదు. చీకటి గది. చీకట్లో పాప పెద్దదవ్వాలి కదా?

నారాయణమ్మ, కూతురి కోసం వచ్చి ఉన్న వియ్యపురాలి మీద పడింది. పోయిన వారం ఆవిడ సున్నుండలు తెచ్చిపెట్టిందట. "నెయ్యి సిక్కు వాసనొచ్చింది, నానప్పుడే అనుకున్నాను. కన్నతల్లే, ఏటి పెట్టాలో తెలీదా?" పద్మ ఏడుస్తోంది — "మాయమ్మనేటి అనకండి అత్తా." నేను మంచం అంచున కూర్చుని రెండు మాటలూ విన్నాను. ఇంటికి వచ్చేసరికి బ్లౌజు తడిసిపోయింది.

ఏప్రిల్ 13

ఆయన తెల్లారగట్లే మొదటి షిఫ్టుకి వెళ్లారు. ఆరు కాకముందే అగరుబత్తి వెలిగించి పందిరి కిందకి వెళ్లాను. మళ్లీ అదే చల్లటి, కదలని పొద్దు. చిమ్నీ వైపు చూశాను — నిలువుగా లేచి, పైన అటు వంగింది. సరిగ్గా ఆదివారంలాగే.

అగరుబత్తి మోకాలి ఎత్తున పట్టుకున్నాను.

పొగ పైకి లేవలేదు. పడుకుంది. పడుకుని, మెల్లగా, పల్లం వైపు పాకింది. కంచె దాకా. కంచె దాటింది. నారాయణమ్మ వాకిట్లోకి, ఆ మంచాల కిందకి.

నాలుగు చోట్ల పట్టుకుని చూశాను. నాలుగు చోట్లా అదే. చివరి బత్తి వేళ్లు కాలేదాకా తెలియలేదు.

పైన గాలి ఒకటి, కింద గాలి ఇంకొకటి. నేను ఆకాశాన్ని చూసి "కొట్టండి" అన్నాను. నేనే అన్నాను. ఆయన కాదు.

అదే రోజు, సాయంత్రం

ఆయనకి చెప్పాను. నెమ్మదిగా అన్నారు — "తెల్లారగట్ల సల్లగాలి బరువు. పల్లానికి జారుద్ది. గ్యాసు లీకైతే పల్లంలోకి ఎల్లకండిరా అని మాకు డ్యూటీలో సెప్తారు."

"తెలిసీ—"

"కార్ఖానాలో తెలుసు. పందిరి కాడ గుర్తు రాలేదు."

అంత పెద్ద మనిషి, మంచం మీద చతికిలబడి తన చేతులే చూసుకుంటున్నారు. కోప్పడదామనుకున్నాను. రాలేదు. నాకూ గుర్తు రాలేదు కదా, పొగ ఆగుతుందా అని మార్చిలోనే అనుకున్నదాన్ని.

కాసేపటికి తలెత్తి అన్నది ఇదీ — "ఎవరికీ సెప్పకు. సున్నుండలే అనుకుంటన్నారు గదా. పోలీసు కేసయితే ఉద్యోగం పోద్ది, కౌలు పోద్ది. మన పిల్ల పెళ్లి కావాల." ఈయన ఇలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

చెప్పనన్నాను.

ఏప్రిల్ 14

పద్మని పెద్దాసుపత్రిలో చేర్చారు. వాంతులు తగ్గలేదు. కాళ్లూ చేతులూ అదురుతున్నాయి.

తిండి దిగడం లేదు నాకు. ఒక్క మాట మాత్రం అర్థం కాదు — గాలి పీల్చి ఉంటే ఆదివారం ఒక్కరోజే కదా. నాలుగు రోజులైనా తగ్గదేం? అయితే మందు కాదేమో. సున్నుండలేనేమో. దేవుడా, సున్నుండలే అయ్యుండాలి. ఒకళ్ల తల్లి చేతి వంట విషమవ్వాలని మొక్కుకుంటున్నాను. ఇలాంటిదాన్నయ్యాను.

ఏప్రిల్ 15. శుక్రవారం

పొద్దున్న నారాయణమ్మ ఆసుపత్రికి వెళ్తూ కంచె దగ్గర ఆగింది. చేతిలో స్టీలు డబ్బా, కాగితం పొట్లం. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"ఏటీ తింటం లేదు ఒదినా. గెంజి కూడా దిగదు. నోటికి పుల్లగా ఉంటే సాలంటాది. ఆ ఎండబెట్టిన మాగాయ ముక్కలే నాలుగు రోజుల్నించి సప్పరిత్తంది. అయ్యే పట్టుకెల్తన్నాను." పొట్లం విప్పి చూపించింది. "బాగా ఎండినాయి గదా? మిగిలినవి రేపు కారం కలిపెయ్యాల. నీకూ ఓ సీసా పెడతాన్లే."

పసుపు ముక్కలు. ఉప్పు తేలి, అంచులు ముడుచుకుని. ఆదివారం పొద్దున్న వాకిట్లో, కంచె పక్కన, మంచాల మీద ఆరినవి. కడగరు వాటిని. మాగాయ ముక్కకి నీళ్లు తగలనివ్వం మనం, బూజు పడుతుందని. ఎవరమూ కడగం.

నేనింకా ముక్కలే చూస్తున్నాను. ఆవిడ రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

వెళ్లిపోయింది, పొట్లంతో సహా.

లోపలికి వచ్చి స్నానాల గది అటక మీద డబ్బా దించాను. సరోజని లేపి చదవమన్నాను. ఇంగ్లీషు. చదువుతూ చదువుతూ పిల్ల ముఖం తెల్లబడింది. చెమట, నోట్లో నీరు, వాంతి, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం — అన్నీ ఉన్నాయి. వరసగా. డబ్బా మీద మొదటి రోజు నుంచీ ఉన్నాయి. వెంటనే డాక్టరుకి ఈ డబ్బా చూపించాలి అని కూడా ఉందట.

"అమ్మా, డాక్టర్ కో బతానా పడేగా" అంది. చెప్పాల్సిందేనంది. నాన్న వద్దన్నారన్నాను. అది నావైపు చూసిన చూపు... "వో మర్ జాయేగీ తో?" ఆ పిల్ల చచ్చిపోతే, అని.

డబ్బా తువ్వాల్లో చుట్టి టెంపో ఎక్కాను. దారంతా ఒళ్లో పెట్టుకుని. పక్కనావిడ పిల్లాణ్ణి నా ఒళ్లోకి జరపబోతే కసిరాను. ఏమనుకుందో.

ఆసుపత్రి వరండాలో నారాయణమ్మ. పద్మ నోటికి ముక్క అందిస్తోంది. పరుగెత్తి చేతిలోంచి పొట్లం లాగేశాను. ముక్కలన్నీ నేలమీద. "పిచ్చి పట్టిందేటే నీకు!" అని అరిచింది. నేను డబ్బా డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. తెలుగూ హిందీ కలిపి ఏం మాట్లాడానో తెలియదు. గాలి అన్నాను, పల్లం అన్నాను, మామిడి అన్నాను. నేనే కొట్టమన్నాను అన్నాను. డాక్టరమ్మ డబ్బా తిప్పి చదివి, పరుగున లోపలికి పోయింది. పేరు చెప్పి ఏదో ఇంజక్షన్ తెమ్మని కేక.

నారాయణమ్మ వెనకే నిలబడి ఉంది. అంతా వింది. నావైపు చూసింది. వంగి, నేలమీది ముక్కలు ఒక్కొక్కటే పొట్లంలోకి ఏరింది. తిడితే బాగుండేది.

ఏప్రిల్ 16

ఆయనకి చెప్పాను. అన్నం కంచం ముందు నుంచి లేచిపోయారు. గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడి — "పిల్ల బతుకుద్దా?"

"సూది ఇచ్చాక చెమట తగ్గిందట."

"లోపలిది?"

అది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.

ఏప్రిల్ 19

పద్మ లేచి కూర్చుంటోంది. కబురు సరోజ తెచ్చింది. నన్ను వార్డులోకి రావద్దన్నారు. న్యాయమే. లోపలి బిడ్డ గుండె కొట్టుకుంటోంది, పుట్టాక గానీ ఏ సంగతీ చెప్పలేం అన్నారట డాక్టరమ్మ.

పుట్టాక. ఇంకా నెల.

ఏప్రిల్ 21

నారాయణమ్మ మాగాయ ముక్కలన్నీ గుంట తీసి పాతేసింది. జాడీతో సహా. పెళ్లప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీ అది, ఎన్నిసార్లు చెప్పిందో. తడకలు కట్టించింది కంచె పొడుగునా. మనిషి కనబడదు ఇప్పుడు. గాజుల చప్పుడు వినిపిస్తే పందిట్లో ఆగిపోతాను.

పోలీసులు రాలేదు. రోజూ గేటు చప్పుడైతే వచ్చారనుకుంటున్నాను. ఆవిడ ఫిర్యాదు చేయలేదో, చేస్తుందో. అడిగే ముఖం లేదు.

ఏప్రిల్ 24. ఆదివారం

మిశ్రాజీ మనిషి మిషను తెచ్చాడు. ఆయన వద్దని పంపేశారు. సూదిమొన చిల్లుల బిళ్లలు సుత్తితో నలగ్గొట్టి నదిలో విసిరొచ్చారు. తుక్కువాడి దగ్గరికి వెళ్లి ఎవరిదో పాత చేతి పంపు, మనం అమ్మినదానికి మూడింతలు పోసి తెచ్చారు. కొత్త తోలు వాషరు వేశారు. పెద్ద చిల్లు బిళ్ల, తక్కువ ఒత్తిడి. నీళ్లు పోసి కొట్టి చూపించారు. చినుకులు. బరువుగా, పడాల్సిన చోటే పడుతున్నాయి. ఒక్కటీ ఎగరలేదు.

"మొదట్లో ఇలాగే ఉండేది" అన్నాను.

"మొదట్లో ఇలాగే ఉండేది" అన్నారు.

ఏప్రిల్ 27

కంచె వెంట అవిసె విత్తనాలు వేశాను, దగ్గర దగ్గరగా. పెరిగి గోడలా నిలబడతాయి, కొంతైనా ఆపుతాయి. అవి ఎదిగేదాకా గోనె పట్టాలు కుట్టి వేలాడదీశాం. వెదురు కర్రలు ఎనిమిది పాతి మోకాలి ఎత్తున పాత చీర పీలికలు కట్టాను. రోజూ గంట గంటకీ చూసి రాసుకుంటున్నాను. సూర్యుడు లేచిన రెండు గంటలకి గాని కింద గాలి సర్దుకోవడం లేదు. మధ్యాహ్నం గాలి మరీ ఎక్కువ. కొట్టదగ్గ సమయం రోజుకి గంటన్నర. అద్దె మిషనుతో అయ్యే రెండున్నర గంటల పని ఆ గంటన్నరలో పట్టదు.

ఇంత చిన్న పని. పీలికలు. ఎనిమిది పీలికలు ముందే కట్టి ఉంటే...

ఏప్రిల్ 30

పద్మ ఇంటికి వచ్చింది. తడక సందులోంచి చూశాను, దొంగలా. సన్నబడింది. నడుము పట్టుకుని మెల్లగా నడుస్తోంది. వేపచెట్టు దగ్గర కూర్చోలేదు. పందిరికి దూరంగా, వెనక గుమ్మంలో కూర్చుంది. వాళ్లమ్మ పక్కనే ఉంది, తల దువ్వుతోంది. ఆవిడకి నారాయణమ్మ క్షమాపణ చెప్పిందో లేదో.

నేను చెప్పాలి ఆవిడకి. వెళ్లలేదు.

మే 4

పిండినల్లి మళ్లీ వచ్చింది. పంపులో మందు నింపి పెట్టారు ఆయన. పీలికలు కదలడం లేదు, అంతా సరిగానే ఉంది, ఎండ ఎక్కింది, ఎదురుగా పట్టాలున్నాయి. నేను "కొట్టండి" అనాలి. నోరు రాలేదు. ఆయన కాసేపు చూసి పంపు దించేశారు. "పోనీలే."

ఇద్దరమూ సబ్బునీళ్లు, గుడ్డపీలికలు పట్టుకుని గుత్తి గుత్తీ తుడిచాం. పగలంతా. నాలుగో వంతు కూడా కాలేదు. మిగిలింది పురుగుపాలే. పోతే పోయింది.

మే 8

కాయ రంగు తిరుగుతోంది. సరోజ ఒకటి తుంపి నోట్లో వేసుకోబోతే చెయ్యి మీద కొట్టాను. "ధో లియా అమ్మా!" కడిగిందట, నాలుగుసార్లు. అయినా వద్దన్నాను. నెల కావొచ్చింది, వాన కూడా పడింది కదా, ఇంకేం ఉంటుంది అని ఆయన. ఉండదేమో. సాక్చి బజారులో అమ్మగలనా? కొన్నావిడ చంకలో పిల్ల ఉంటే?

రాత్రిళ్లు సరే, పట్టపగలు కూడా అదే కనబడుతోంది. పుట్టిన బిడ్డ. ముఖం కనబడదు. చేతులూ కాళ్లూ లెక్కపెడుతూ ఉంటాను, లెక్క పూర్తికాకుండానే తెలివొస్తుంది.

మే 11

ధైర్యం చేసి పద్మ తల్లి దగ్గరికి వెళ్లాను. వీధి కుళాయి దగ్గర. మీ సున్నుండల తప్పు లేదు, అప్పుడే చెప్పాల్సింది, మూడు రోజులు నోరు మూసుకున్నాను అన్నాను. ఆవిడ బిందె నిండనిచ్చింది. ఎత్తుకుంటూ అంది — "మూడు రోజులు నా కూతురు నా ముందు ఏడిసింది. ఆ మూడు రోజులూ నువ్వు పక్కనే కూకున్నావు."

అవును. కూర్చున్నాను.

మే 13

ఏమీ లేదు. తడకవతల గాజుల చప్పుడు. ఒకసారి పద్మ నవ్వు. ఒక్కసారే.

మే 15. ఆదివారం

పొద్దున్న పది.

అవిసె మొలకలకి నీళ్లు పోస్తున్నాను. తడక పక్కకి జరిగింది. నారాయణమ్మ. నెల రోజుల తర్వాత ఎదురుగా. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"నొప్పులొచ్చీసినాయి. ఆళ్లమ్మ తీసుకొని ముందు టెంపోలో ఎల్లిపోయింది. నాకు రిచ్చా వచ్చింది. నువ్వూ రా."

చెంబు కిందపెట్టాను. "నేనా, వదినా?"

"నువ్వే. ఏటి పుట్టినా... నాతోపాటు నువ్వూ సూడాల."

కోపమో కాదో తెలియలేదు. చీర మార్చుకుని వస్తానన్నాను. లోపలికి వచ్చాను. చీర మార్చుకోలేదు, ఇది రాస్తున్నాను. చేతికంటిన మట్టి కాగితం మీద పడుతోంది. ఆయన డ్యూటీలో ఉన్నారు. సరోజ గుమ్మంలో నిలబడి చూస్తోంది, జావో అమ్మా, వెళ్లమని అంటోంది.

కిటికీలోంచి రిక్షా కనబడుతోంది.

రిక్షావాడు గంట కొడుతున్నాడు. ఆవిడ ఎక్కి, నాకు చోటు వదిలి ఒక పక్కకి జరిగి కూర్చుంది.